పట్టిన ఫిల్టరల్లా సరిపోయినట్టు కాదు

ఒంగోలు నుంచి నెల్లూరు కార్లో వస్తున్నాం. టంగుటూరు టోల్‌ప్లాజా దాటి పది నిమిషాలైందో లేదో, డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు ఒకసారి మినుక్కుమని ఆరిపోయింది. మళ్లీ వెలిగింది. ఈసారి ఆరలేదు. బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపి, కిందికి వంగి చూస్తే అడుగు నుంచి నల్లగా కారుతోంది. వెనక్కి తిరిగి చూస్తే హైవే మీద మేం వచ్చిన దారంతా గీత గీసినట్టు నూనె మరక. ముందు రోజే ఒక షెడ్డులో ఇంజన్ ఆయిలూ, దాన్ని వడకట్టే ఫిల్టరూ మార్పించాను.

సింగరాయకొండ నుంచి మోటారు సైకిల్ మీద వచ్చిన మెకానిక్ ఫిల్టర్ విప్పి నా చేతిలో పెట్టి నవ్వాడు. "ఏందన్నా, రెండు రబ్బర్లు ఏయించుకున్నావే!" పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది. దాన్ని చూసుకోకుండా కొత్త ఫిల్టర్‌ను దాని రింగుతో సహా పైన బిగించేశారు. ఊళ్లో తిరిగినంతసేపు ఆగింది. హైవే మీద ఇంజన్ తిరిగే వేగం పెరిగి, నూనె ఒత్తిడి పెరిగేసరికి రెండు రబ్బర్లూ ఒకదాని మీద ఒకటి జారి పక్కకు తన్నుకొచ్చాయి. వెంటనే ఆపాను కాబట్టి కొత్త ఆయిలూ, ఫిల్టరూ వేసుకుని బయటపడ్డాను. ఆగకుండా కావలి దాకా లాగి ఉంటే బేరింగులు పట్టేసేవి.

అప్పటి నుంచి నా బండికి ఫిల్టర్ నేనే మార్చుకుంటున్నాను. చేతిలో పట్టేంత ఈ ఇనుప రేకు డబ్బా గురించి తెలుసుకునే కొద్దీ ఒక సంగతి అర్థమైంది. మన దగ్గర "పట్టిందా, పట్టింది" అనేదే లెక్క. మర తిరిగి బిగుసుకుంటే అది మన బండి ఫిల్టరే అనుకుంటాం. పట్టడం వేరు, సరిపోవడం వేరు. ఆ తేడా ఎక్కడెక్కడ ఉందో చెప్పడానికే ఇదంతా.

ముందు నూనె నడిచే దారి చూద్దాం. ఫిల్టర్ మూతి వైపు ఒక మందపాటి ఇనుప పలక ఉంటుంది. దాని మధ్యలో మర ఉన్న పెద్ద రంధ్రం, చుట్టూ చిన్న చిన్న చిల్లులు, అంచున రబ్బరు రింగు. పంపు తోసిన నూనె చుట్టూ ఉన్న చిన్న చిల్లుల్లోంచి లోపలికి వస్తుంది. డబ్బా గోడకీ, మడతలు పెట్టిన కాగితానికీ మధ్య సందులోకి దిగుతుంది. కాగితం బయటి నుంచి లోపలికి వడకట్టుకుని, మధ్య గొట్టంలోకి చేరి, మర ఉన్న పెద్ద రంధ్రం గుండా ఇంజన్‌లోకి వెళ్లిపోతుంది. అంటే మురికంతా కాగితం బయటి వైపే నిలిచిపోతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా ఊహించుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని, ఆక్సా బ్లేడుతో ఒకటి కోసి చూసేదాకా.

కార్లు వచ్చిన కొత్తల్లో ఈ ఏర్పాటే లేదు. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ష్ అనే ఇద్దరు కారు నూనెను వడకట్టే పరికరం తయారుచేసి దానికి ప్యూరోలేటర్ అని పేరు పెట్టారు. 'ప్యూర్ ఆయిల్ లేటర్' అనే ఇంగ్లీషు మాటల్ని కుదించి చేసిన పేరది. మన ఆటోమొబైల్ షాపుల్లో ఇప్పటికీ ఆ పేరుతో డబ్బాలు దొరుకుతాయి. మొదట్లో వచ్చినవి నూనెలో కొంత భాగాన్నే పక్కకు తీసుకుని వడకట్టేవి. ఇప్పుడు మన బండ్లలో పంపు తోసిన నూనె మొత్తం ఫిల్టర్ గుండానే వెళ్లాలి. అందుకే అది మూసుకుపోతే ఏమిటన్న ప్రశ్న వస్తుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అన్ని కార్లకూ ఈ తిప్పి బిగించే డబ్బా ఉండదు. ఊళ్లో ట్యాక్సీలుగా తిరిగిన 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజన్ల బండ్లలో లోపలి కాగితపు గుండును మాత్రమే మారుస్తారు. దాని ప్లాస్టిక్ మూతా, రబ్బరు ఓరింగూ వేరే కథ. మీది డబ్బా రకమైతేనే కింద రాసింది పనికొస్తుంది.

ఇప్పుడు మర దగ్గరికి వద్దాం. ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. ఇంజన్ నుంచి పొడుచుకొచ్చిన బోలు స్టడ్డు, అంటే పైన మరలున్న పొట్టి గొట్టం మీద ఫిల్టర్ ఎక్కుతుంది. ఆ స్టడ్డు కొలతల్లో మనకు ఎక్కువగా కనబడేవి రెండు. ఒకటి ముప్పావు అంగుళం, అంగుళానికి 16 మరలు. టొయోటా ఇంజన్లలో చాలావాటికి ఇదే. రెండోది ఎం20 × 1.5, అంటే 20 మిల్లీమీటర్ల లావు, మరకూ మరకూ మధ్య మిల్లీమీటరున్నర. హోండాలు ఎక్కువగా ఇది వాడతాయి. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు. రెండింటికీ తేడా మిల్లీమీటరు కన్నా తక్కువే! పక్కపక్కన పెడితే కంటికి ఆనదు.

ముప్పావు అంగుళం ఫిల్టర్‌ను 20 మిల్లీమీటర్ల స్టడ్డు మీద పెడితే ఎక్కదు. అది మేలే, ఎక్కలేదు కాబట్టి వెనక్కి ఇచ్చేస్తాం. ప్రమాదమంతా తిరగేసి చేసినప్పుడు. 20 మిల్లీమీటర్ల ఫిల్టర్‌ను ముప్పావు అంగుళం స్టడ్డు మీద పెడితే వదులుగా ఎక్కుతుంది, తిరుగుతుంది, చివరికి రబ్బరు ఆనుకుని బిగుసుకున్నట్టే ఉంటుంది. కానీ మరలు అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని ఉంటాయి. నడుస్తున్న ఇంజన్‌లో నూనె ఒత్తిడి మూడు నాలుగు బార్ల దాకా పోతుంది, అంటే కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి కన్నా ఎక్కువ. ఆ ఒత్తిడికి ఒకరోజు మర జారి డబ్బా ఊడి కింద పడొచ్చు. కాబట్టి స్టడ్డు మీద ఎక్కించేటప్పుడు ఫిల్టర్ అటూ ఇటూ కదులుతుంటే, "బిగిస్తే సర్దుకుంటుందిలే" అనుకోకండి. సర్దుకోదు.

మర తర్వాత రింగు. ఇంజన్ మీద రబ్బరు ఆనడానికి నున్నగా చదును చేసిన గుండ్రటి చోటు ఉంటుంది. రింగు సరిగ్గా ఆ చోటు మీదే కూర్చోవాలి. చిన్నదైతే లోపలి గాడిలోకి జారుతుంది, పెద్దదైతే సగం బయట వేలాడుతుంది. షాపులో దీన్ని చూసుకోవడానికి సులువైన దారి ఒకటుంది. పాత ఫిల్టర్‌ను పాలిథిన్ కవర్లో తీసుకెళ్లి, కొత్తదాని రింగు మీద పాతదాని రింగు బోర్లించండి. చుట్టూరా ఒకదాని మీద ఒకటి సమంగా కూర్చోవాలి. నెల్లూరు ఆటోనగర్‌లో నేనిలా చేస్తుంటే కౌంటర్లో ఉన్నాయన మొదట్లో విసుక్కునేవాడు. ఇప్పుడు నేను వెళ్తే ఆయనే అట్టపెట్టె మూత తీసి ముందు పెడుతున్నాడు.

ఇక బయటికి కనబడనివి. చవకది ఒకటీ, కారు కంపెనీ పేరుతో వచ్చినది ఒకటీ, రెండూ వాడేసినవే, పక్కపక్కన కోశాను. మూతి కింద నుంచి డబ్బా చుట్టూ ఆక్సా బ్లేడు తిప్పితే పావుగంట పని. చేతులకూ, గచ్చుకూ నల్లటి నూనె, ఇంట్లో తిట్లు అదనం. కంపెనీదాంట్లో కాగితం మడతలు దగ్గర దగ్గరగా, ఒకే ఎత్తులో, పుస్తకం పేజీల్లా నిలబడి ఉన్నాయి. చవకదాంట్లో మడతలు తక్కువ, ఒక పక్కకు ఒరిగి రెండు మూడు ఒకదానికొకటి అంటుకుపోయాయి. అంటుకున్న చోట నూనె వెళ్లదు కాబట్టి అంత కాగితం ఉన్నా లేనట్టే. కాగితం రెండు కొసలూ కలిసే అతుకు దగ్గర గోరు పెడితే సందు దొరికింది. ఆ సందులోంచి వెళ్లిన నూనెకు ఫిల్టరే లేదు.

ఇంతకన్నా తేడా కనిపించింది మూతి లోపల ఉన్న రబ్బరు రేకులో. ఇంజన్ ఆపినప్పుడు ఫిల్టర్‌లోని నూనె వెనక్కి కారిపోకుండా ఆపేది ఇదే. చుట్టూ ఉన్న చిల్లుల్లోంచి నూనె లోపలికి వస్తున్నప్పుడు తెరుచుకుంటుంది, ఆగగానే మూసుకుంటుంది. చవకదాంట్లో అది గట్టిపడి, వేలితో వంచితే అప్పడంలా విరిగింది. రెండోదాంట్లో ఇంకా మెత్తగానే ఉంది. మామూలు నల్ల రబ్బరు కన్నా సిలికాన్ రబ్బరు వేడికి ఎక్కువ కాలం నిలుస్తుంది. చాలా ఫిల్టర్లలో అది నారింజ రంగులో ఉంటుంది, మూతి చిల్లుల్లోంచి తొంగి చూస్తే తెలుస్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒకట్రెండు సెకన్లు ఇంజన్ గలగలమని తర్వాత సద్దుమణుగుతుంటే ఈ రేకు పని అయిపోయిందేమోనని ఒకసారి అనుమానించాలి. ఫిల్టర్ ఖాళీ అయి, నూనె మళ్లీ నిండేదాకా ఇంజన్ పైభాగం పొడిగా తిరుగుతున్న చప్పుడది. మీ బండిలో ఫిల్టర్ మూతి పైకి పెట్టిన చెంబులా నిలువుగా వేలాడుతుంటే నూనె ఎలాగూ నిలుస్తుంది, ఈ రేకు మీద భారం తక్కువ. అడ్డంగానో, తలకిందులుగానో బిగించిన ఇంజన్లలో దీని మీదే అంతా ఆధారం.

ఫిల్టర్ మూసుకుపోతే ఏమవుతుందన్నదానికి జవాబు బైపాస్ వాల్వు. అది స్ప్రింగు మీద నిలిచిన చిన్న తలుపు. కాగితానికి అటూ ఇటూ ఒత్తిడిలో తేడా ఒక హద్దు దాటితే తెరుచుకుని, వడకట్టని నూనెను నేరుగా ఇంజన్‌కు పంపేస్తుంది. అసలు నూనె లేకపోవడం కన్నా మురికి నూనె నయం కదా! ఆ హద్దు ఇంజన్‌ను బట్టి మారుతుంది. ఫిల్టర్లలో మామూలుగా అర బారు నుంచి ఒకటిన్నర బారు దాకా ఉంటుంది. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వు ఇంజన్‌లోనే ఉంటుంది, అప్పుడు ఫిల్టర్‌లో ఉండదు. పట్టింది కదా అని వాల్వు లేని డబ్బా తెచ్చి వాల్వు అవసరమైన ఇంజన్‌కు బిగిస్తే, కాగితం నిండిపోయిన రోజు నూనెకు దారి ఉండదు, లేదా కాగితమే చిరిగిపోతుంది. మర, రింగు, పొడవు అన్నీ కలిసినా ఇదొక్కటి కంటికి కనబడదు. పార్టు నంబరు చూడమని పదేపదే చెప్పేది ఇందుకే. కారు మోడల్ పేరు చెప్తే చాలదు. ఒకే పేరుతో ఏళ్ల తరబడి వచ్చిన బండ్లలో ఇంజన్లు మారిపోయి ఉంటాయి. తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా, వీలైతే చాసిస్ నంబరు చెప్పి అడగాలి.

మైక్రాన్ల గొడవ కూడా తేల్చుకుందాం. డబ్బా మీద "20 మైక్రాన్లు" అని రాసి ఉంటే అది సగం వాక్యమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. అసలు అడగాల్సింది, ఆ 20 మైక్రాన్ల రేణువులు నూరు వస్తే ఎన్నింటిని ఆపుతుంది అని. ఒకటి 99 ఆపొచ్చు, ఇంకోటి 50 ఆపొచ్చు. వాటిని తయారుచేసిన ఇద్దరూ డబ్బా మీద 20 మైక్రాన్లు అని వేసుకోవచ్చు. దీన్ని కొలిచే పరీక్షకు ఐఎస్ఓ 4548-12 అనే ప్రమాణం ఉంది. శాతమూ, మైక్రానూ రెండూ చెప్పి, ఈ పరీక్ష పేరు కూడా చెప్పే తయారీదారు మాటను కొంచెం నమ్మొచ్చు. ఇంకో విశేషం, వాడేకొద్దీ మురికి పేరుకుని కాగితం సందులు సన్నబడి ఫిల్టర్ కొంతకాలం ఇంకా మెరుగ్గా వడకడుతుంది. కాబట్టి ప్రతి రెండు వేల కిలోమీటర్లకూ ఫిల్టర్ మార్చేవాళ్లు బండికి సేవ చేస్తున్నామనుకుంటారు గానీ, దాని మంచి వయసులో తీసి పారేస్తున్నారు.

అయితే ఎప్పుడు మార్చాలి? బండి పుస్తకంలో ఉన్నదే లెక్క. మన దగ్గర చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. అదే పుస్తకంలో దుమ్ము రోడ్లు, చిన్న చిన్న దూరాలు, బరువులు లాగే బండ్లకు ఇంకా తొందరగా మార్చమని కూడా ఉంటుంది, ఆ పేజీ ఎవరూ తిప్పరు. "మన నెల్లూరు ఎండలకు ఆయిల్ మాడిపోద్ది" అని అందరూ అంటారు. ఇంజన్ వేడెక్కాక నూనె నూరు డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, బయట మే నెల నెల్లూరైనా, జనవరి ఊటీ అయినా. ఎండ కన్నా మనల్ని దెబ్బతీసేది దుమ్ము. చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెలు వేసుకుని లారీలు వెళ్లే రోడ్డు మీద రోజూ తిరిగే బండినీ, నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆఫీసుకు పోయొచ్చే బండినీ ఒకే లెక్కన చూడకూడదు. రాతి పొడి లోపలికి వెళ్లేది గాలితో. ఎయిర్ ఫిల్టర్ చిరిగి ఉంటే ఎంత గొప్ప ఆయిల్ ఫిల్టర్ వేసినా ప్రయోజనం లేదు, ఇంజన్ లోపలి పిస్టన్ రింగులూ సిలిండరూ అప్పటికే అరిగిపోతాయి. మన చలి మాత్రం మనకు మేలే చేస్తుంది. నూనె చిక్కబడి స్టార్టింగులోనే బైపాస్ తెరుచుకునేంత చలి డిసెంబర్ తెల్లవారుజామున కూడా మన తీరంలో ఉండదు.

డూప్లికేట్ల గురించి ఒక్క మాట. అట్టపెట్టె అచ్చు నకలు చేయడం తేలిక, డబ్బా నకలు చేయడం కొంచెం కష్టం. మర అంచులు పదునుగా గీరుకుంటున్నాయా, రింగు గాడిలో బిగువుగా ఉందా, డబ్బా మీది నంబరూ పెట్టె మీది నంబరూ ఒకటేనా, ఊపితే లోపల ఏదైనా గలగలమంటోందా చూడండి. పక్క షాపు కన్నా సగం ధరకు ఇస్తుంటే కారణం అడగనక్కర్లేదు, దిగొచ్చేయండి.

ఇప్పుడు బిగించడం. ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చటి నూనె బాగా దిగుతుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. జాకీ మీద ఎత్తి దాని కింద దూరడం మాత్రం వద్దు. ఇటుకలు పేర్చి దూరడం అసలే వద్దు. స్టాండ్లు ఉండాలి, లేదా ర్యాంపు ఉన్న షెడ్డులో అడిగి చేసుకోవాలి. డ్రెయిన్ బోల్టు విప్పి నూనె పూర్తిగా దిగనివ్వండి. బోల్టుకు వేసే వాషరు కొత్తది వేయండి, పది ఇరవై రూపాయల వస్తువు కోసం కక్కుర్తి పడొద్దు.

పాత ఫిల్టర్ చేతికి రాకపోతే చాలామంది స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పేస్తారు. డబ్బా చిరిగి మూతి పలక మాత్రం ఇంజన్‌కు మిగిలిపోతే, అప్పుడు చూడాలి తమాషా. ఎమరీ కాగితాన్ని గరుకు వైపు డబ్బాకు ఆనేలా చుట్టి తిప్పి చూడండి, నాకు మూడొంతుల సార్లు అదే సరిపోయింది. లేకపోతే పట్టీ పానా ఉంటుంది. ఫిల్టర్ మూతి మీవైపు కాకుండా ఇంజన్ వైపు ఉంటుంది కాబట్టి, డబ్బా అడుగు చూస్తూ గడియారం ముళ్లకు ఎదురు దిక్కుగా తిప్పాలి. కింద పడుకుని చూసేసరికి ఎడమా కుడీ తారుమారై, విప్పుతున్నామనుకుని బిగించేవాళ్లున్నారు. నేనే ఒకసారి బిగించాను.

ఫిల్టర్ ఊడాక చేయాల్సిన మొదటి పని దాని మూతి చూడటం. రబ్బరు రింగు దానికే ఉందా? ఉంటే సరే. లేదంటే ఇంజన్‌కే అతుక్కుని ఉంది. నల్లటి నూనెలో నల్లటి రింగు కంటికి కనబడదు. వేస్టు గుడ్డతో తుడిచి, వేలు పెట్టి ఆ గుండ్రటి చోటు చుట్టూ తడమండి. గోరుకు ఎక్కడా మెట్టు తగలకూడదు. టంగుటూరు దగ్గర నాకు జరిగింది ఈ పది సెకన్ల పని ఎవరూ చేయకపోవడం వల్లే.

కొత్త ఫిల్టర్ రింగు మీద కొత్త నూనె వేలితో పలచగా పూయండి. పొడి రబ్బరు తిరిగేటప్పుడు ఇనుముకు పట్టుకుని మెలిపడుతుంది. ఫిల్టర్ నిలువుగా ఉండే బండైతే అందులో కాస్త నూనె పోసి పెట్టొచ్చు. అడ్డంగా ఉండేదైతే పోసిందంతా మీ మొహం మీదికే. తర్వాత చేత్తోనే ఎక్కించండి. రెండు మూడు చుట్లు తేలిగ్గా తిరగాలి. మొరాయిస్తే మర తప్పి ఎక్కుతోందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి.

రింగు ఇంజన్‌కు ఆనుకున్నప్పుడు చేతికి తెలుస్తుంది. అక్కడ ఆగి డబ్బా మీద మార్కరుతో ఒక గీత గీసుకోండి. అక్కడి నుంచి ముప్పావు చుట్టు. చాలా ఫిల్టర్లకు ఇదే లెక్క, మీ డబ్బా మీద వేరేలా రాసుంటే అదే పాటించండి. ఎందుకు ముప్పావు? మరకూ మరకూ మధ్య దూరం మిల్లీమీటరున్నర కదా. ముప్పావు చుట్టు తిరిగితే ఫిల్టర్ 1.1 మిల్లీమీటర్లు ముందుకు వెళ్తుంది, రబ్బరు అంత నొక్కుకుంటుంది. నూనెను ఆపేది ఆ నొక్కుడే గానీ మన బలం కాదు. మన మెకానిక్ కుర్రాళ్లు పానా వేసి "ఇంకొక్క పట్టు" అని బిగించేది నమ్మకం కోసం. దానివల్ల రబ్బరు నలిగి పక్కకు పొంగుతుంది, వచ్చేసారి విప్పడానికి స్క్రూడ్రైవర్ గుచ్చాల్సి వస్తుంది. గట్టిగా బిగించడం వల్లే గట్టిగా విప్పాల్సి వస్తోందన్నది వాళ్లకు చెప్పి చూశాను, వినరు.

నూనె పోసేటప్పుడు పుస్తకంలో "ఫిల్టర్‌తో సహా" అన్న అంకె చూడండి. ఫిల్టర్ లేకుండా మార్చినప్పటి అంకె వేరే ఉంటుంది. ఆ అంకెకు కొంచెం తక్కువ పోసి, స్టార్ట్ చేసి, రేజ్ చేయకుండా వదిలేయండి. ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరాలి. ఆరకపోతే వెంటనే ఆపేయాలి. ఆరితే టార్చి వేసుకుని ఫిల్టర్ చుట్టూ, డ్రెయిన్ బోల్టు చుట్టూ చూడండి. ఇంజన్ ఆపి ఐదు నిమిషాలాగి ఆయిల్ గేజి తీసి తుడిచి చూసి, తక్కువైనంత పోయండి. తేదీ, కిలోమీటర్లు ఫిల్టర్ మీదే మార్కరుతో రాసేయండి.

తీసిన నూనె సంగతి మిగిలింది. మన దగ్గర దాన్ని ఊరికే పోనివ్వరు. సెంట్రింగు రేకులకు పూస్తారు, చెదలు పట్టకుండా దూలాలకు పూస్తారు. కానీ దానిలో అరిగిన లోహమూ, మాడిన నూనె విషాలూ ఉంటాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడేసిన నూనె ఉంది. కాలువలోనో, చెరువు గట్టునో పోస్తే చివరికి చేరేది వరి మడికో, రొయ్యల గుంటకో. పాత ఫిల్టర్ అడుగున చిల్లు కొట్టి ఒక రాత్రంతా వేరే ఖాళీ డబ్బా మీద బోర్లిస్తే అందులోంచి ఇంకా బోలెడు దిగుతుంది. నేను ఐదు లీటర్ల పాత ఆయిల్ క్యాన్లో పోసి మూత బిగించి, పాత నూనె కొనే వాళ్లకు ఇచ్చే షెడ్డులో అప్పగిస్తాను.

ఆ రాత్రి బండి కింద ఒక పాత అట్టముక్క పరిచి ఉంచండి. పొద్దున్నే దాని మీద మరక లేకపోతే కావలి దాకా ఒకసారి వెళ్లొచ్చి, ఫిల్టర్ మూతి చుట్టూ పొడిగుడ్డ తిప్పి చూడండి. గుడ్డ పొడిగానే వస్తే ఆ ఫిల్టర్ సంగతి వచ్చే సర్వీసు దాకా మరిచిపోవచ్చు.